మూడోసారి జాడించిన నీళ్లు

గాజుకు గాజు తగిలిన చప్పుడు, టింగ్‌మని ఒకటి, కాసేపాగి ఇంకోటి, ఆ వెనకే నాలుగైదు కలిసి. అంటే రెండో ప్రశ్న మొదలుపెట్టారు. మొదటి ప్రశ్నకు ఇంత చప్పుడుండదు, పొడుగాటి బ్యూరెట్టు కింద సీసా పట్టుకుని రంగు మారేదాకా చుక్కచుక్కగా వదులుతూ ఊపిరి బిగబట్టి నిలబడడమే. రెండోది చిన్న గాజుగొట్టాల పని. ఇచ్చిన ఉప్పును నీళ్లలో కరిగించి నాలుగు గొట్టాల్లోకి పంచి, ఒక్కోదాంట్లో ఒక్కో మందు చుక్కలు వేసి, నీళ్లు తెల్లగా విరుగుతాయా, విరగవా, విరిగింది మళ్లీ కరుగుతుందా అని చూసి రాయాలి. ఇరవయ్యేడేళ్లుగా ఈ బడి ప్రయోగశాలలో గాజుసామాను కడుగుతున్నాను, ఏటా పరీక్ష రోజున ఈ కిటికీ కింద బోర్లించిన బేసిన్ మీద కూర్చుని వింటున్నాను, చప్పుడును బట్టి లోపల ఎంతదాకా వచ్చారో చెప్పగలను. లోపల నలభై ఇద్దరు ఆడపిల్లలు. మూడో బల్ల, కిటికీ వైపు చివర, నా మనవరాలు నసాంబు. దాని చప్పుడు విడిగా పోల్చగలననుకుంటాను. గొట్టాన్ని స్టాండులో అందరిలా పడెయ్యదు, దించుతుంది, నిద్రపోయే పిల్లను పక్క మీద దించినట్టు. అలా అనుకుని నవ్వుకుంటూ చేతుల వంక చూసుకున్నాను. గోళ్ల సందుల్లో బూడిద మరక. నవ్వు ఆగిపోయింది. నిన్న మూడో ట్రే గొట్టాలు మూడోసారి జాడించానా?

జాడించే ఉంటాను. ఇరవయ్యేడేళ్లుగా జాడిస్తున్నదాన్ని నిన్న ఎందుకు మానేస్తాను? కానీ జాడించినట్టు గుర్తు లేదు. పరీక్ష సామాను కడిగే సబ్బుపొడి అయిపోయింది, స్టోరు గుమాస్తా వచ్చే వారం వస్తుందన్నాడు, పరీక్షేమో ఈ వారం. అందుకని ఇంటి నుంచి బూడిద నీళ్లు తెచ్చాను. ఎండిన చిక్కుడు తొక్కలు, కాడలు కాల్చిన బూడిదను అడుగున చిల్లులున్న కుండలో కూరి పైన నీళ్లు పోస్తే కింది కుండలోకి టీ రంగు చుక్కలు దిగుతాయి, ముషెరెఖా అంటాం. ఆకుకూర అది పోస్తేనే మెత్తగా జారుగా ఉడుకుతుంది, కుండల జిడ్డు అది పోస్తేనే వదులుతుంది. సబ్బు లేని రోజున ఈ కొండకింద ఏ ఆడదాని చెయ్యయినా దాని మీదికే పోతుంది. కూరకుండలో రెండు చుక్కలు మిగిలితే ఎవరికీ హాని లేదు. గాజుగొట్టంలో మిగిలితే మాత్రం అది అబద్ధం చెబుతుంది. బూడిదలోని కార్బనేటు ఆ గాజుగోడను పట్టుకుని కూర్చుంటుంది, ఉన్నట్టే కనిపించదు, బేరియం మందు చుక్క పడ్డాక దాన్ని పట్టుకుని తెల్లగా విరిగి అడుక్కి దిగుతుంది. పిల్ల ఏమనుకుంటుంది? తనకిచ్చిన ఉప్పులోనే అది ఉందనుకుంటుంది. అలాగే రాస్తుంది, దాని మీద సమీకరణం రాస్తుంది, చక్కటి అక్షరాలతో రాస్తుంది, అంతా తప్పు.

నాకీ పని నేర్పింది నఖుమిచా టీచరమ్మ, ఈ ప్రయోగశాలకు మొట్టమొదటి టీచరు, మనిషి చీపురుపుల్ల, గొంతు మాత్రం ఊరవతలికి వినపడేది. ములోంగో, ఒకసారి బావి నీళ్లు, రెండోసారి వాన నీళ్లు, మూడోసారి స్వేదనజలం, మూడూ అయితేనే అది శుభ్రం అంటారు, రెండుతో ఆపితే ఏమవుతుందో చూడు, అని రెండుసార్లే జాడించిన గొట్టంలో రెండు చుక్కల బేరియం వేసి చూపించింది. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసక ఉంటుందే, అంత మసక. అంతే. నాకది నలుగురి ముందు నా పెట్టె తెరిచి చూపించినట్టయింది. లెక్క తప్పుతానేమోనని భయం వేసింది, నాకు అన్నిటికీ భయమే, తలుపు వేశానా, పొయ్యి ఆర్పానా అని దారి మధ్యలోంచి వెనక్కి వెళ్లే మనిషిని. అందుకని అంకెలు మానేసి పేర్లు పెట్టుకున్నాను. మొదటి నీళ్లు పోసి ముఖ్వానా అంటాను, నా కవల అక్క. రెండోసారి నెలీమా, నా కూతురు. మూడోసారి మొదట్లో నా మొగుడి పేరు అనేదాన్ని, ఆయన పోయాక, నసాంబు నా చేతికొచ్చాక, ఆయన్ను పక్కకి జరిపి దాని పేరు పెట్టాను. ఆయనేమీ అనుకోడు, బతికుండగా కూడా జరగమంటే జరిగేవాడు. అంకె మర్చిపోవచ్చు గాని మనుషుల్ని ఎలా మర్చిపోతాం? అదీ నా లెక్క.

నిన్న మూడో ట్రే, గొట్టాలన్నీ కలిపి. ముఖ్వానా అన్నాను, బావి నీళ్లు పారబోశాను, గుర్తుంది. నెలీమా అన్నాను, వాన నీళ్లు చల్లగా మణికట్టు మీంచి మోచేతి దాకా కారాయి, అదీ గుర్తుంది. మూడోది పలకబోయేసరికి నాలుక పైకి లేవలేదు. కంచె అవతల రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నైరోబీ బస్సేమీ కాదు, అది పొద్దుటే పోతుంది, ఏదో సంత బస్సు. నేను దాని వెనక దుమ్ము వంక చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత గుర్తున్నది గొట్టాలన్నీ ట్రేలో బోర్లించి ఆరుతుండడం. మధ్యలో ఏమీ లేదు. ఆ ట్రేలోవి మూడో బల్లకూ నాలుగో బల్లకూ వెళ్లాయి, మిగిలిన ఆరు సామాను గది అరమీద ఉన్నాయి.

ముఖ్వానా నాకంటే ముందు పుట్టింది. కవలల్లో ముందు వచ్చినవాళ్లకు ఆ పేరు, వెనక వచ్చినవాళ్లకు నా పేరు, మావైపు అందులో అమ్మానాన్నల ఇష్టంతో పని లేదు. నది అవతల యుగాండా వాళ్లకిచ్చి చేశారు దాన్ని. తీసుకెళ్లడానికి వచ్చిన రోజున నేను రేవులో బట్టలు ఉతుకుతున్నాను, పరుగెత్తుకుంటూ వచ్చింది, నా చేతుల నిండా సబ్బు, కొత్త బట్టలు పాడవుతాయని దాన్ని ముట్టుకోలేదు. తర్వాత చాలా ఏళ్లకు, నేనీ పనిలో చేరిన మొదటి ఏడు, దాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చదవడం రాదు నాకు. కాఫీ సంఘంలో తూకం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మంచి మనిషి, అందరికీ ఉత్తరాలు చదివిపెట్టేవాడు. కాగితం వంకా నా మొహం వంకా చూసి, అందరూ క్షేమం, పంటలు బావున్నాయి, నీకు దండాలు చెప్పింది అన్నాడు. నాలుగు నెలల తర్వాత దాని కొడుకు గుండు చేయించుకుని వచ్చి మా గడపలో కూర్చున్నాడు. అమ్మ రెండుసార్లు అడిగింది పిన్నీ, నా చెల్లెలు బయల్దేరిందా అని. తూకం ఆయన దగ్గరికి వెళ్తే తల దించుకుని, నీ మొహం చూసి చదవలేకపోయానమ్మా అన్నాడు. తిట్టలేకపోయాను. జాలితో చెప్పిన అబద్ధాన్ని ఏమని తిడతాం?

ఆ తర్వాత ఇంకెవరూ నాకు చదివి పెట్టకూడదనుకున్నాను. నా ఓనమాలు ఆ లోపలి అరల మీదే. టీచరమ్మ ఆ సోడియం సల్ఫేటు అందుకో అనేది, ఏ సీసాయో వేలు పెట్టి చూపించేది, సోడియం క్లోరైడు అనేది, ఇంకో సీసా. రెండింటి మీదా మొదటి మాట ఒకేలా ఉంది, కాబట్టి అది సోడియం. అలా ఒక్కో అక్షరాన్నీ సీసాల మధ్య పట్టుకున్నాను. హైడ్రాక్సైడుకు నెల పట్టింది. ఆనక పిల్లలు పారేసిన నోట్సులు, చేపలమ్మేవాడు చుట్టిచ్చిన పాత పేపర్లు, ఏది దొరికితే అది. నవలలో ఎవరైనా ఊరు విడిచి వెళ్తుంటే ఆ పేజీ దగ్గర మడతపెట్టి ఆపేసేదాన్ని, రేపు చదువుతానని, ఈ పూటకైనా వాళ్లు గుమ్మంలోనే ఉంటారని. నసాంబు వచ్చాక రసాయనశాస్త్రం దానితో కలిసి చదివాను, అది ముందు, నేను వెనక.

అది వచ్చిన రోజు. అంతకు ముందు, నెలీమా మొంబాసాకు పనికి వెళ్లినప్పుడు ఇదిగో ఈ కుళాయి దగ్గరే ఉన్నాను. కంచె అవతల్నుంచి అమ్మా, బస్సు కదులుతోందే అని కేక వేసింది, చేతులు లంగాకు తుడుచుకుంటూ పరిగెత్తేసరికి దుమ్మే మిగిలింది. ఆరేళ్లకు అక్కడే జ్వరంతో పోయింది. శవపెట్టె లారీలో వచ్చింది, డ్రైవరు పక్కన ముందు సీట్లో నాలుగేళ్ల పిల్ల, చేతిలో సగం తిన్న బన్ను. దించగానే నా వేళ్లు వాసన చూసి, నువ్వు కూర వాసన వస్తున్నావు అంది. పెట్టె ముందర నవ్వొచ్చింది నాకు, ఏం మనిషినో. ఈ పద్నాలుగేళ్లలో దానికి గంజి కాయని పొద్దు లేదు. జడలు నేనే వేస్తాను, నొప్పి అని ఏడుస్తూనే వేయించుకుంటుంది, ఇప్పటికీ.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను చిక్కుడు వలుస్తుంటే అది బొగ్గుముక్కతో గోడ మీద ఏదో రాస్తోంది. ఏమే సవతీ, నా గోడంతా పాడు చేస్తున్నావు అన్నాను. మావైపు అవ్వలూ మనవరాళ్లూ సవతులే, ఒక్క మొగుడి కోసం కొట్టుకున్నట్టు వేళాకోళాలాడుకుంటాం, ఆ మొగుడు ఎప్పుడో మట్టిలో కలిసినా సరే.

"నీ ముషెరెఖానే రాస్తున్నా, కుఖూ," అంది. అవ్వను అలా పిలుస్తారు మా పిల్లలు. "దాన్ని బేరియం నైట్రేటులో పోస్తే ఏమవుతుందో చెప్పు."

"కూర పాడవుతుంది."

"నీకు సున్నా. ఇలా రా, గింజలతో చెయ్యి."

గింజలతో చెయ్యడం మా ఇద్దరి ఆట. చాప మధ్యలో పుల్లతో గీత పెట్టి, ఇటు కలిసేవి, అటు తయారయ్యేవి. రెండు ఎర్ర చిక్కుడు గింజలు పొటాషియం, ఆ పేరుకే కుండబూడిద అని అర్థమట, నాకు భలే నచ్చింది. ఒక నల్ల గింజ కార్బనేటు. ఒక మొక్కజొన్న గింజ బేరియం, దాని పక్కన రెండు పల్లీలు నైట్రేటు. నీళ్లలో పడగానే ఎవరికి వాళ్లు విడిపోతారు, ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకుని ఉండరు. అటు తిరుగుతూ ఇటు తిరుగుతూ ఉండగా మొక్కజొన్నా నల్ల గింజా తారసపడి ఒకరినొకరు వదలకుండా అతుక్కుని అడుక్కి దిగిపోతారు. అదే తెల్లటి మడ్డి. ఇటున్నవాటికి సరిపడా గింజలు గీత అవతల ఒక్కోటీ పేర్చాను. నసాంబు నా చేతి మీద ఒక్కటి వేసింది.

"రెండో నైట్రేటు ఏది?"

నా నోట్లో ఉంది.

"మింగేశావా? కుఖూ! ఇటు ఎన్ని ఉంటే అటూ అన్నే ఉండాలి. ఒక్కటి కూడా ఎక్కడికీ పోకూడదు. నీ కడుపులోకి పోయాక ఇంకేం సమీకరణం?"

"వేయించిన పల్లీ చేతిలో పెట్టి నైట్రేటు అంటే ఎవరు నమ్ముతారే?"

ఇంకో పల్లీ తెచ్చి పెట్టింది. రెండు వైపులా సరిపోయాయి. ఆ సరిపోవడం చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది, అటూ ఇటూ ఒకే మంది, చోట్లు మారారు, అంతే. కానీ అది అక్కడితో ఆగలేదు. ఎర్ర గింజలు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి, పల్లీలూ అంతే. వీళ్లేమీ చెయ్యలేదు కుఖూ, ఊరికే చూస్తూ ఉన్నారు, ప్రేక్షక అయాన్లు అంటారు, వీళ్లను కొట్టేస్తాం, అని అరచేత్తో రెండు వైపుల్నుంచీ ఊడ్చేసింది.

"నీళ్లలోంచి పోయారా వాళ్లు?"

"లేదు. నీళ్లలోనే ఉన్నారు."

"మరెందుకు కొట్టేస్తావు?"

"కొట్టెయ్యకపోతే అరమార్కు పోతుంది."

"అరమార్కు కోసం అంతమందిని తీసేశావు కదే, సవతీ."

పగలబడి నవ్వింది. నవ్వి, చెదిరిన గింజలు ఏరుతూ, నా వంక చూడకుండా, మార్కులొస్తే నైరోబీలో నీళ్లు పరీక్షించే చదువుంది కుఖూ, నాలుగేళ్లు అంది. నదుల్లో, బావుల్లో ఏం కలిసిందో కనిపెట్టే చదువట. మంచిదే అన్నాను. నా చేతులు అప్పటికి నానబోసిన గింజల గిన్నెలో ఉన్నాయి. ఎప్పుడు ఎవరు వెళ్తున్నా నా చేతులు తడిగానే ఉంటాయి, ఇదేం రాతో.

అందుకే ఈ భయం. మర్చిపోవడమైతే ముసలితనం, ఎవరైనా క్షమిస్తారు. నా చేతులు కావాలని మర్చిపోయాయేమో. పలకలేని పేరు పలక్కుండా, దానికి పోయాల్సిన నీళ్లు పొయ్యకుండా, బోర్లించి ఊరుకున్నాయేమో. అది తప్పు రాస్తే మార్కులు రావు, మార్కులు రాకపోతే నైరోబీ లేదు, పొద్దుట ఆరింటికి గంజి గిన్నె ముందు కూర్చుని జడ నొప్పి అని ఏడుస్తుంది, ఇంకో ఏడు, ఇంకో రెండేళ్లు. అలా అనుకున్నానా నేను? అనుకోలేదు. కానీ లోపల ఉందేమో ఎవరికి తెలుసు, నీళ్లు తేటగానే ఉంటాయి, చుక్క పడేదాకా అందులో ఏం కరిగి ఉందో ఎవరికీ కనిపించదు. దానితో పాటు మూడో బల్ల, నాలుగో బల్ల పిల్లలందరూ. ఎవరింట్లో ఏ అవ్వ గంజి కాచి పంపిందో.

మళ్లీ టింగ్. ఇంకోటి. బేరియం దాకా వచ్చి ఉంటారా?

"ఏంటవ్వా, లేస్తావు కూర్చుంటావు, బేసిన్ కింద చీమలున్నాయా?" అన్నాడు పోలీసాయన. పరీక్షకు కాపలా వచ్చాడు, చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో తుపాకీ, దాని మీద టీ గ్లాసు.

"అఫాండే, నేను లోపలికి వెళ్లాలి," అన్నాను, పోలీసాయన్ను అలాగే పిలవాలి.

"మంత్రిగారొచ్చినా పంపను."

"మంత్రిగారు గొట్టాలు కడగలేదు. నేను కడిగాను."

"కడిగితే?"

"సరిగ్గా కడిగానో లేదో తెలీదు."

టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మా ఇంతే. చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి ఇంటికి పరిగెడుతుంది, పొయ్యి చూసొస్తానని. కూర్చో, అవ్వా. అయిపోయాక చెబుదువు గాని."

అయిపోయాక. తూకం ఆయన కూడా అదే అనుకుని ఉంటాడు, ఇప్పుడెందుకు, తర్వాత తెలుస్తుందిలే అని. నేను కూర్చోలేదు. వరండా మెట్టెక్కి తలుపు కొట్టాను. వెనకనుంచి ఆయన అవ్వా, అవ్వా అంటూ వచ్చాడు, కానీ తుపాకీ పట్టుకోవాలా, నన్ను పట్టుకోవాలా తేల్చుకోలేకపోయాడు.

తలుపు తెరిచింది పర్యవేక్షకురాలు జెప్తనూయ్ మేడమ్. కొండ అవతలి కాలెంజిన్ తెగ ఊళ్ల మనిషి, వేరే బడి నుంచి వచ్చింది, ఇంత పొడుగు, పూసల గొలుసుకు వేలాడే కళ్లజోడు, పొద్దుటినుంచి ఎవరితోనూ నవ్వలేదు. ఆమె భుజం మీదుగా ఒక్క క్షణం లోపల కనిపించింది, వంగిన తలలు, తెల్లకోట్లు, కిటికీ వెలుగులో నేను వేసిన జడలు. ఆమె బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. అలికిడికి పక్కనున్న సామాను గదిలోంచి ములాటి మాస్టారు కూడా వచ్చాడు, రసాయనశాస్త్రం ఆయనే చెబుతాడు, ఏ ద్రావణమైనా అయిపోతే అందించడానికి అక్కడ ఉంటాడు.

"మూడో బల్ల, నాలుగో బల్ల గొట్టాలు బూడిద నీళ్లతో కడిగాను," అన్నాను. ఒకే ఊపిరిలో అన్నాను, లేకపోతే అననేమోనని. "రెండుసార్లు జాడించింది గుర్తుంది. మూడోసారి గుర్తు లేదు."

ములాటి మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "మామా ములోంగో, ఇప్పుడా చెప్పేది!"

"బూడిదా?" అంది మేడమ్. "పరీక్ష సామానుకా?"

"సబ్బు లేదమ్మా."

ఆమె కళ్లజోడు పెట్టుకుని నన్ను చూసింది. "మా ఇంట్లో పాలబుర్రలు బొగ్గుతో రుద్దుతాం. రుద్దామో లేదో మర్చిపోతామా?"

"నేను మర్చిపోయాను."

"మసక కనిపిస్తే నేను పరీక్ష ఆపాలి. పైకి ఫోన్ చెయ్యాలి. ఆ రెండు బల్లల పేపర్లూ పక్కన పెట్టేస్తారు, ఏమవుతుందో నేను చెప్పలేను. నీవాళ్లెవరైనా ఉన్నారా లోపల?"

"నా మనవరాలు. మూడో బల్ల."

"తెలిసే చెబుతున్నావా?"

నా మొహం చూసి ఆగిపోతుందేమోనని భయం వేసింది. మొహం తిప్పుకున్నాను. "తెలిసే," అన్నాను.

మాస్టారు అరమీద మిగిలిన ఆరు గొట్టాలూ తెచ్చి వరండా గోడ మీద స్టాండులో నిలబెట్టాడు. ఒక్కోదాంట్లో వేలెడు స్వేదనజలం పోశాడు, డ్రాపరుతో బేరియం నైట్రేటు, రెండేసి చుక్కలు. మేడమ్ తన నల్ల శాలువా తీసి గొట్టాల వెనక పట్టుకుంది, తెలుపు ఇసుమంత ఉన్నా తెలిసేలా. పోలీసాయన కూడా వంగి చూస్తున్నాడు, ఏం చూడాలో తెలియకపోయినా. చుక్క నీళ్లలోకి దిగేటప్పుడు సన్నటి మెలిక ఒకటి కనిపిస్తుంది, వేడికి గాలి వణికినట్టు, నాకది మసకే అనిపించింది. ఆ మెలిక కలిసిపోయింది. మొదటిది తేట. రెండోది తేట. నేను గొట్టాలు చూడడం మానేసి నా చేతుల వంక చూస్తున్నాను. మూడు, నాలుగు, అని మాస్టారు అంటున్నాడు. మాస్టారు ఆరోదాన్ని వెలుగుకు పట్టి, తిప్పి, మళ్లీ తిప్పి చూశాడు.

"ఏమీ జరగలేదు," అన్నాడు.

ఇరవయ్యేడేళ్లలో ఈ గోడల మధ్య ఎన్నో చూశాను, నీళ్లు నీలంగా మారడం, గుడ్డు కుళ్లిన వాసన రావడం, మెగ్నీషియం మంటకు పిల్లలు కేకలెయ్యడం. ఏమీ జరగకపోవడం ఇంత అందంగా ఉంటుందని తెలీదు. ఆరు గొట్టాల్లో తేటనీళ్లు, వెనక నల్ల శాలువా. అయితే జాడించాను. బస్సు పోయాక, దుమ్ము వంక చూస్తూనే, నోరు పలకని పేరుకు నా చేతులు నీళ్లు పోశాయి. నన్ను అడగలేదు. అడిగితే నేనేమంటానో వాటికి తెలుసేమో.

"మూడుసార్లు జాడించావు, అమ్మా," అంది మేడమ్, శాలువా భుజం మీద వేసుకుంటూ. "నాలుగుసార్లయినా ఆశ్చర్యం లేదు." కొంచెం నవ్విందనే అనుకుంటాను, చెప్పలేను. ఆమె తలుపు తెరిచినప్పుడు మూడో బల్ల చివర తల పైకి లేచింది. నన్ను చూసింది. నేనెందుకు అక్కడున్నానో దానికి తెలియదు, కనుబొమలు ముడిచింది, ఏంటి కుఖూ అన్నట్టు. నేను చెయ్యి ఊపాలో వద్దో తెలియక ఊరుకున్నాను. అది తల దించుకుని తన గొట్టం వంక చూసుకుంది. వెంటనే దించుకుంది. నాకు గుచ్చుకోలేదు. అలాగే కదా దించుకోవాలి.

"నా గుండె ఆపేశావు కదా," అన్నాడు ములాటి మాస్టారు. "ఇంకోసారి ఈ గదిలోకి బూడిద తెచ్చావో, నిన్నే గొట్టంలో పోసి జాడిస్తాను."

"పట్టను లేవయ్యా."

ఆయన ఆరు గొట్టాలూ నా బేసిన్‌లో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. వాడిన సామాను కడగాలి కదా. కుళాయి దగ్గర కూర్చున్నాను. ఎండ పైకొచ్చింది, కొండ మీద మబ్బు పట్టింది, మధ్యాహ్నానికి వాన పడుతుంది, డబ్బాలు చూరు కింద పెట్టాలి. రోడ్డు మీద ఏదో బస్సు పోయింది, చూడలేదు. బావి నీళ్లు పోసి ముఖ్వానా అన్నాను, పారబోశాను. వాన నీళ్లు పోసి నెలీమా అన్నాను. స్వేదనజలం సీసా తీసుకుని గొట్టం అంచుకు ఆనించి, కాసేపు ఆగాను. నాలుక మొండికేసింది, మళ్లీ. అయినా ఈసారి దాన్ని వదల్లేదు. పోస్తూ, పైకే అన్నాను.

"నసాంబూ."

"ఎవర్ని పిలుస్తున్నావవ్వా?" అన్నాడు పోలీసాయన కుర్చీలోంచి. "లోపల పరీక్ష జరుగుతోంది."

"పిలవడం లేదయ్యా," అన్నాను. "పంపిస్తున్నాను."

ఆయనకేం అర్థమైందో, టీ గ్లాసు ఎత్తి అడుగున మిగిలింది తాగేశాడు. ఇంకా ఐదు గొట్టాలున్నాయి. రెండోది చేతిలోకి తీసుకున్నాను. కిటికీ లోపల మూడో బల్ల వైపు, ఎవరో గొట్టాన్ని స్టాండులో పెట్టారు. పడెయ్యలేదు, దించారు.